మామిడి తాండ్రకు చాక్లెట్ తొడుగు

మే నెలలో నూజివీడులో చాక్లెట్ చేయాలనుకోవడం కాస్త పిచ్చిపనే. మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటేస్తుంది. చాక్లెట్‌కి ప్రాణమైన కోకో బటరేమో 34 దగ్గరే కరిగిపోతుంది.

అయినా పోయినేడాది మేనకోడలి పుట్టినరోజుకి సాహసం చేశాను. రసాల సీజన్ కదా అని చిన్నరసం పిండి, కరిగించిన చాక్లెట్‌లో కలిపాను. నిమిషంలో అంతా గడ్డకట్టి తడి ఇసుకలా తయారైంది. అమ్మ చూసి, "దీనికంటే రసాన్ని జుర్రుకుంటే పోయేది కదరా!" అంది.

తప్పెక్కడో తర్వాత తెలిసింది. చాక్లెట్ అంటే కొవ్వులో కలిసి ఉన్న చక్కెర, కోకో పొడి. అందులో నాలుగు నీటిచుక్కలు పడితే చాలు, చక్కెర తడిసి ముద్దకడుతుంది. మామిడి రసంలో ఎక్కువ భాగం నీళ్లే మరి! పరిష్కారం అమ్మ డబ్బాలోనే ఉంది. మామిడి తాండ్ర. పొరలు పొరలుగా ఎండబెట్టిన రసం కాబట్టి నీటి బెడద ఉండదు.

200 గ్రాముల డార్క్ చాక్లెట్‌ని చిన్న ముక్కలు చేసి, మూడోవంతు పక్కన పెట్టండి. మిగతాది పొడి గిన్నెలో వేసి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించండి. ఆవిరి లోపల పడకూడదు. 45 డిగ్రీలకు చేరాక దించి, పక్కన పెట్టిన ముక్కలు వేసి, 32కి దిగేదాకా కలపండి. దీన్నే టెంపరింగ్ అంటారు. ఇది కుదిరితేనే చాక్లెట్ నిగనిగలాడుతుంది, విరిస్తే టక్కుమంటుంది. ఇప్పుడు తాండ్ర ముక్కల్ని ముంచి, బటర్ పేపర్ మీద ఆరనివ్వండి. గదే 36 డిగ్రీలుంటే చాక్లెట్ 32కి దిగదు కాబట్టి ఏసీలో చేసుకోవాలి. ఆరాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. కోకో బటర్ బదులు వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే అది కాంపౌండ్. చవక, టెంపరింగ్ బాధ కూడా లేదు. కానీ నోట్లో మైనంలా అంటుకుంటుంది.

ఇంకో సంగతి. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. నూజివీడు ఇప్పుడున్న ఏలూరు జిల్లాలోనే కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతరపంటగా ఉంది. ఎండు గింజలు 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. మరుసటి ఏడాది ధర సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కారు. హైదరాబాద్‌లో మనం చాక్లెట్ లాంటివాళ్లు గోదావరి గింజలతోనే బార్లు చేస్తున్నారు. అసలైన చాక్లెట్ అడిగి కొనేవాళ్లు పెరిగితేనే ఆ గింజకి గిరాకీ.

ఈసారి పుట్టినరోజుకి ముందురోజే డబ్బా నింపి పెట్టాను. తెల్లారేసరికి సగం ఖాళీ! మేనకోడలు ఇంకా రానేలేదు. అమ్మ మాత్రం నావైపు చూడకుండా కాఫీ కలుపుతోంది.