కార్‌లో స్పానిష్: 5 నెలలు, 3 ఆడియో కోర్సులు, ఒక మిస్సయిన ఎగ్జిట్

ఆ రోజు డల్లాస్ నార్త్ టోల్‌వే మీద నేను దిగాల్సిన బుష్ టర్న్‌పైక్ ఎగ్జిట్ కళ్ళముందే దాటిపోయింది. నిద్రమత్తు లేదు, చేతిలో ఫోన్ కూడా లేదు. స్పీకర్‌లో ఒకావిడ, "నిన్న ఎక్కడికి వెళ్ళావని అతన్ని స్పానిష్‌లో అడుగు" అంది. నేను జవాబు వెతుక్కునే పనిలో పడ్డాను. జవాబు దొరికింది, ఎగ్జిట్ పోయింది. పైగా టోల్ ఎక్స్‌ట్రా.

డ్రైవింగ్ టైమ్‌లో భాష నేర్చుకోవచ్చా అని ఎవరైనా అడిగితే ముందు ఈ కథే చెప్తాను. నేర్చుకోవచ్చు. కానీ దాని ఖర్చు సబ్‌స్క్రిప్షన్ డబ్బులు ఒక్కటే కాదు.

ఫ్రిస్కో నుంచి లాస్ కొలీనాస్‌లోని ఆఫీస్‌కి వారానికి 3 రోజులు వెళ్తాను. ఒక్కో వైపు 40 నిమిషాల పైమాటే. అంటే వారానికి 4 గంటలు, 5 నెలలకి దాదాపు 80 గంటలు. మొన్నటిదాకా ఆ టైమంతా టెక్ పాడ్‌కాస్ట్‌లకీ, పాటలకీ పోయేది.

మరి స్పానిష్ ఎందుకు? టెక్సస్‌లో నలుగురిలో ఒకరికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. కానీ నన్ను కదిలించింది ఆ లెక్క కాదు. అమ్మ వరంగల్ నుంచి వచ్చి 6 నెలలు నా దగ్గర ఉంది. పై ఫ్లాట్‌లో ఉండే మెక్సికో పెద్దావిడతో రోజూ సాయంత్రం వాకింగ్ చేసేది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఈమె సకినాలు ఇస్తే ఆమె తమాలెస్ పంపేది. అమ్మ వెళ్ళిపోయాక ఆ పెద్దావిడ నేను కనిపించినప్పుడల్లా "కోమో ఎస్తా తు మామా?" అని అడిగేది. మీ అమ్మ ఎలా ఉంది అని. నేను తలూపి "గుడ్, గుడ్" అనేవాణ్ణి. ఇంకో ముక్క చెప్పలేకపోవడం రోజూ కొంచెం సిగ్గుగా ఉండేది.

మూడు కోర్సులు, మూడు పద్ధతులు

పిమ్స్‌లర్: ఒక్కో లెసన్ 30 నిమిషాలు. స్పానిష్‌లో 5 లెవెల్స్, లెవెల్‌కి 30 లెసన్స్. పాల్ పిమ్స్‌లర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1967లో ఒక పేపర్‌లో జ్ఞాపకం గురించి ఒక షెడ్యూల్ ఇచ్చారు. కొత్త మాటని 5 సెకన్లకి, తర్వాత 25 సెకన్లకి, 2 నిమిషాలకి, 10 నిమిషాలకి, గంటకి, అలా గ్యాప్ పెంచుతూ మళ్ళీ అడగాలి. ప్రతి గ్యాప్ దాదాపు ముందుదానికి 5 రెట్లు. కోడ్‌లో ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ రాసినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. అంకీ లాంటి ఫ్లాష్‌కార్డ్ యాప్స్ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే కుటుంబానిది. ప్రశ్న తర్వాత ఖాళీ రికార్డింగ్‌లోనే ఉంటుంది కాబట్టి ఏ బటనూ నొక్కక్కర్లేదు. కార్‌కి ఇదే పెద్ద ప్లస్. మైనస్ రెండు. నెలకి సుమారు 20 డాలర్లు పెట్టాలి. పైగా రోజుకో లెసన్ లెక్కన కట్టిన కోర్సు ఇది. నాలా 3 రోజులే కార్ తీసేవాళ్ళకి గురువారం విన్నది సోమవారానికి ఆవిరైపోతుంది. అందుకే సోమవారం పొద్దున కొత్త లెసన్ పెట్టను, పాతదే మళ్ళీ వింటాను. అన్నట్టు, అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీల యాప్స్‌లో పిమ్స్‌లర్ ఆడియో ఫ్రీగా దొరుకుతుంది. కొనేముందు అక్కడ వెతకండి.

లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్: మిహాలిస్ ఎలెఫ్తెరియూ అనే ఆయన తయారుచేసిన కోర్సు. పూర్తి స్పానిష్ 90 ట్రాక్‌లు, మొత్తం ఫ్రీ, విరాళాల మీద నడుస్తుంది. ఒక స్టూడెంట్‌ని కూర్చోబెట్టి, నోట్స్ లేకుండా, ఆలోచింపజేస్తూ చెప్తారు. నార్మల్, లీగల్ లాంటి ఇంగ్లీష్ మాటల్ని స్పానిష్‌లోకి ఎలా దింపాలో చూపించి మొదటి రోజే నోరు తెరిపిస్తారు. వ్యాకరణం అర్థం కావడానికి నాకు దీన్ని మించింది దొరకలేదు. చిక్కల్లా ఒక్కటే. స్టూడెంట్ జవాబు చెప్పేలోపు మనం పాజ్ కొట్టి ముందు మన జవాబు చెప్పుకోవాలి. హైవే మీద ఒక్కో ట్రాక్‌లో అన్నిసార్లు పాజ్ నొక్కుతూ కూర్చోవడం తెలివైన పని కాదు.

మిషెల్ తోమస్: పోలండ్‌లో పుట్టి, ఎన్నో భాషలు నేర్చి, 2005లో చనిపోయిన టీచర్. రికార్డింగ్‌లో ఇద్దరు స్టూడెంట్స్ ఉంటారు, వాళ్ళ తప్పులు కూడా వినిపిస్తాయి. "గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించకండి, ఆ బాధ్యత టీచర్‌ది" అన్నది ఆయన సూత్రం. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ తప్పుగా పలికిన మాట కూడా చెవిలో ఉండిపోతుంది.

ఇంగ్లీష్ బైపాస్ చేశాక అసలు స్పీడ్ వచ్చింది

ఈ మూడూ ఇంగ్లీష్ వాళ్ళ కోసం చేసినవి. ప్రశ్న ఇంగ్లీష్‌లో వస్తుంది, వివరణ కూడా ఇంగ్లీష్‌లోనే. మొదటి నెలన్నర నేనూ ఆ దారిలోనే వెళ్ళాను. కాఫీ ఇష్టం అని చెప్పాలంటే "మె గుస్తా ఎల్ కఫే" అనాలి. దీన్ని అర్థం చేయించడానికి టీచర్లు కష్టపడతారు. ఎందుకంటే ఇంగ్లీష్‌లో ఇష్టపడేవాడు కర్త, స్పానిష్‌లో కాఫీ కర్త.

ఒకరోజు ట్రాఫిక్‌లో నిలబడి ఉండగా వెలిగింది. మనం "నేను కాఫీని ఇష్టపడతాను" అంటామా? "నాకు కాఫీ ఇష్టం" అంటాం! మె అంటే నాకు. అంతే. "మె దుయేలె లా కబేసా" అంటే నాకు తలనొప్పిగా ఉంది. "మె పరేసె" అంటే నాకు అనిపిస్తోంది. వాళ్ళకి కొండలా కనిపించే చోట మనకి తారురోడ్డు ఉంది. నేనే చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

అప్పటినుంచి ఇంగ్లీష్ ప్రశ్న రాగానే దాన్ని మనసులో తెలుగు చేసుకుని, తెలుగు నుంచి స్పానిష్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. చాలా ముడులు విడిపోయాయి.

తూ, ఉస్తెద్ అంటే నువ్వు, మీరు. పెద్దావిడతో ఏది వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆబ్లో అంటే మాట్లాడతాను, ఆబ్లాస్ అంటే మాట్లాడతావు. మనలాగే క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది, నేను, నువ్వు అని విడిగా అనక్కర్లేదు.

ఉచ్చారణలో కూడా అంతే. ఇంగ్లీష్ మీదుగా వెళ్తే టాకో అంటాం. స్పానిష్‌లో అది తాకో. మన త, ద అక్కడ దాదాపు అలాగే సరిపోతాయి. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. "కర్ర" అనగలిగిన నోటికి ఆ తేడా పెద్ద కష్టం కాదు. మఞానా అనే మాటలో ఉన్నది మన ఞ. అక్షరమాలలో చదివి వదిలేసిన అక్షరం డల్లాస్‌లో పనికొచ్చింది.

తెలుగు అన్నిచోట్లా కాపాడదు. బల్ల స్త్రీలింగం ఎందుకో అడక్కూడదు. మనం, మేము రెండింటికీ ఒకటే నొసోత్రోస్. ఉండటానికి సేర్, ఎస్తార్ అని రెండు క్రియలు. ఇవి బట్టీ కాదు, అలవాటు మీదే వస్తాయి.

సెటప్: నేను మార్చిన సెట్టింగ్స్

వాయిస్: గంటకి 70 మైళ్ళ స్పీడ్‌లో టైర్ల శబ్దానికి మాట చివరి "స్" వినిపించదు. స్పానిష్‌లో నువ్వా, ఆయనా అన్న తేడా చాలాసార్లు ఆ "స్"లోనే ఉంటుంది. ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచాను. స్పష్టంగా తేడా తెలిసింది.

మ్యాప్స్: సరిగ్గా జవాబు చెప్పే ఖాళీలోనే నావిగేషన్ మాట్లాడుతుంది. తెలిసిన దారే కాబట్టి గూగుల్ మ్యాప్స్‌లో అలర్ట్స్ మాత్రమే వచ్చేలా పెట్టాను. మెసేజ్ నోటిఫికేషన్స్ పూర్తిగా ఆఫ్.

డౌన్‌లోడ్: లెసన్స్ ఇంట్లోనే వైఫై మీద దించుకోండి. కార్ కదలకముందే ప్లే నొక్కేయండి.

స్టీరింగ్ బటన్స్: నా కార్, ఫోన్ కాంబినేషన్‌లో వెనక్కి బటన్ 10 సెకన్లు కాదు, ఏకంగా లెసన్ మొదటికి తీసుకెళ్తుంది. పార్కింగ్‌లో ఉండగానే మీ బటన్స్ ఏం చేస్తాయో టెస్ట్ చేసుకోండి.

ఇయర్‌బడ్స్: వద్దు. నాయిస్ క్యాన్సిలేషన్‌లో అంబులెన్స్ సైరన్ కూడా తగ్గిపోతుంది. కాలిఫోర్నియాలో రెండు చెవుల్లో పెట్టుకుని నడపడం చట్టవిరుద్ధం కూడా. కార్ స్పీకర్లు చాలు.

ఎగ్జిట్ ఎందుకు మిస్సయింది

2013లో యూటా యూనివర్సిటీ పరిశోధకులు ట్రిపుల్ ఏ ఫౌండేషన్ కోసం డ్రైవర్ల మెదడు మీద ఏ పని ఎంత భారం వేస్తుందో కొలిచారు. రేడియో, ఆడియోబుక్ వినడం తక్కువ భారం. ఫోన్‌లో మాట్లాడటం, హ్యాండ్స్‌ఫ్రీ అయినా సరే, అంతకంటే ఎక్కువ. నోటితో మెసేజ్‌లు చెప్పి రాయించడం ఇంకా ఎక్కువ. చేతులు ఖాళీగా ఉంటే మెదడు ఖాళీగా ఉన్నట్టు కాదు.

మనం ఈ కోర్సుల్ని ఆడియోబుక్ లెక్కలో వేసుకుంటాం. కానీ ఇవి ప్రశ్న అడిగి జవాబు రాబడతాయి. నా అనుభవంలో ఇది ఫోన్ మాట్లాడటానికే దగ్గర. పైగా పక్కసీట్లో మనిషి ఉంటే ట్రాఫిక్ చూసి నోరు మూసుకుంటాడు. రికార్డింగ్‌కి ట్రాఫిక్ కనిపించదు.

అందుకే నావి మూడు రూల్స్. లేన్ మారేటప్పుడు, ఎగ్జిట్ దగ్గర, వానలో, స్కూల్ జోన్‌లో పాజ్. కొత్త లెసన్ ఇంట్లో, కార్‌లో రివిజన్ మాత్రమే. జవాబు రాకపోతే వదిలేయాలి, వెతకకూడదు. మూడోది కష్టం. మనం క్విజ్ వదిలేసే జాతి కాదు కదా.

80 గంటలకి ఏం వచ్చింది?

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి స్పానిష్ నేర్పడానికి 600కి పైగా క్లాస్ గంటలు లెక్కేస్తుంది. నా 80 గంటలు అందులో చిన్న భాగమే. నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది, ఇంటి విషయాలు మాట్లాడగలను. చదవడం మాత్రం సున్నా. "ఓలా"లో మొదటి అక్షరం హెచ్ అని, దాన్ని పలకరని నాకు మూడో నెలలో తెలిసింది. ఒక షాప్‌లో మెనూ చూసి, నోటికి బాగా వచ్చిన మాటల్నే గుర్తుపట్టలేకపోయాను. ఇప్పుడు రాత్రి 10 నిమిషాలు చదువుతున్నాను.

పోయిన నెల అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా పెద్దావిడ మెట్ల దగ్గర కనిపించింది. ఫోన్ ఆమె వైపు తిప్పాను. ఇద్దరూ చేతులూపుకున్నారు. "మోకాళ్ళు గుంజుతున్నయని చెప్పు బిడ్డా" అంది అమ్మ. "లె దుయేలెన్ లాస్ రొదీయాస్" అన్నాను. ఆమెకి మోకాళ్ళు నొప్పి. పెద్దావిడ తన మోకాలు తట్టుకుని "ఆ మీ తంబియేన్" అంది. నాకు కూడా. ఈసారి ఇంగ్లీష్ మధ్యలోకి రాలేదు. నేరుగా తెలుగులోనే అర్థమైంది.

ఫైనల్‌గా

రోజూ కార్‌లో 30 నిమిషాలు ఉంటే పిమ్స్‌లర్, అది కూడా ముందు లైబ్రరీలో వెతికి. డబ్బు పెట్టొద్దనుకుంటే లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్, కానీ వాకింగ్‌లో లేదా వంట చేసేటప్పుడు. వేరే టీచింగ్ స్టైల్ చూడాలంటే మిషెల్ తోమస్. కాస్త పట్టు వచ్చాక డుయోలింగో స్పానిష్ పాడ్‌కాస్ట్ కథలు వినండి, వాటిలో మనల్ని ఎవరూ ప్రశ్నలు అడగరు కాబట్టి డ్రైవింగ్‌కి అవే మేలు. ఏది పెట్టుకున్నా జవాబు తెలుగు నుంచి మొదలుపెట్టండి. ఎగ్జిట్ వస్తుంటే పాజ్ నొక్కండి. ఆ స్పానిష్ మాట పది నిమిషాల్లో మళ్ళీ వస్తుంది, ఎగ్జిట్ రాదు.