కరెంటులో వాటా కొనే ముందు

పాల సంఘంలో మీకు వాటా ఉన్నది. ఆ వాటా ధనం కట్టిన రోజు మరిచిపోయి ఉండవచ్చు గాని, ఆ వాటా వల్లనే సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తే హక్కు మీకు వచ్చింది. కరెంటులో కూడా అలాగే వాటా ఉన్నదా అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది నవ్వుతారు. కాని సిరిసిల్ల వైపు సభ్యులు నవ్వరు. అక్కడ తీగలు, స్తంభాలు, సబ్‌స్టేషన్లు వాడకందార్ల సహకార సంఘానివి. దాని పూర్తి పేరు సహకార విద్యుత్ సరఫరా సంఘం. జనం నోట అది "సెస్".

ఇప్పుడు ఊరూరా సోలారు మాట వినబడుతున్నది. పదిమంది కలిసి ప్లాంటు పెడదాం, తలా ఒక వాటా తీసుకోండి అని అడిగేవారు మన సంఘాల గడప కూడా తొక్కుతున్నారు. బోనసు డబ్బు చేతికి వచ్చే రోజుల్లోనే ఈ మాట ఎక్కువగా వస్తుంది. కావున వాటా అంటే ఏమిటో, అందులో పెట్టిన రూపాయి ఎటు పోతుందో, ఎప్పుడు తిరిగి వస్తుందో వివరంగా చెప్పుకుందాం.

ముందుగా సిరిసిల్ల సంగతి. 1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించింది. ఆ సంస్థ దేశంలో అయిదు చోట్ల ప్రయోగంగా విద్యుత్ సహకార సంఘాలను నిలబెట్టింది. అమెరికాలో రైతులు 1930లలో ఇలాంటి సంఘాలు పెట్టుకొని పల్లెలకు కరెంటు తెచ్చుకున్నారు. అక్కడ ఇప్పటికీ అవి సుమారు 900 ఉన్నాయి. ఆ సంఘాల సలహాతోనే మన దేశంలో ఈ పని మొదలైంది. అయిదింటిలో ఒకటి కరీంనగర్ జిల్లా సిరిసిల్లకు దక్కింది. 1970లో సంఘం పని ప్రారంభించింది. బావుల మీద మోటార్లకు, మరమగ్గాలకు, ఇళ్లకు కరెంటు ఇచ్చింది. 2022 డిసెంబరులో పాలకవర్గం ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్ల జాబితాలో ఎనభై వేలకు పైగా పేర్లున్నాయి. పదిహేను డైరెక్టరు స్థానాల కోసం శాసనసభ ఎన్నికల్లాగే పోటీ జరిగింది. ఇది మంచికో చెడుకో చదివేవారే చెప్పాలి. యాజమాన్యం తమదని జనం అనుకుంటేనే అంత పోటీ ఉంటుందని మా అభిప్రాయం.

అయితే ఒకటి గమనించాలి. సెస్ కరెంటును తయారు చేయదు. ఉత్తర తెలంగాణ పంపిణీ సంస్థ నుంచి టోకున కొని సభ్యులకు చిల్లరగా అమ్ముతుంది. పాల లెక్కలో చెప్పాలంటే అది బర్రెలు లేని పాల కేంద్రం. కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య ఉన్న తేడా మీదనే దాని బతుకు. ఆ ధరలేమో విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. సభ్యుడు బిల్లు కట్టకపోతే సంఘం టోకు బకాయి పడుతుంది. మహారాష్ట్రలో ఆ అయిదింటిలోదే అయిన ములా ప్రవర సంఘానికి ఇదే జరిగింది. బకాయిలు కొండంత పెరిగి, 2011లో ఆ ప్రాంతం సరఫరా రాష్ట్ర పంపిణీ సంస్థ చేతికి పోయింది. మన పక్కన మెదక్ జిల్లా జోగిపేటలో పెట్టిన సంఘం కూడా నిలువలేదు. తెలంగాణలో మిగిలింది సిరిసిల్ల ఒక్కటే.

సోలారు ప్లాంటులో వాటా వేరు. అక్కడ మీరు కొనేది బర్రెనే. డెన్మార్కు వాళ్లు దీన్ని చాలా తేటగా చేసి చూపించారు. కోపెన్‌హాగన్ నగరం ఎదుట సముద్రంలో 2000 సంవత్సరంలో 20 గాలిమరలు నిలబెట్టారు. అందులో సగం ఒక సహకార సంఘానివి. ఆ సంఘం 40,500 వాటాలు అమ్మింది. ఒక్కొక్క వాటా అంటే ఏడాదికి 1000 యూనిట్ల కరెంటు అని లెక్క. ఎనిమిది వేలకు పైగా జనం కొన్నారు. ఇది గొప్ప చదువు చదివినవాళ్లకే అర్థమయ్యే కాగితం కాదు. నా వాటా ఇంత పాలు ఇస్తుంది అన్నట్టు, నా వాటా ఇన్ని యూనిట్లు ఇస్తుంది అని అందరికీ తెలిసింది. 1882లోనే మొదటి సహకార డెయిరీ పెట్టుకున్న దేశం అది. పాలలో నేర్చిన లెక్కనే గాలిలోనూ వాడుకున్నారు.

మన ఆదిలాబాద్, కరీంనగర్ వైపు గాలిమరల మాట పెట్టుకోకపోవడమే మంచిది. అనంతపురం, కర్నూలు గుట్టల మీద వీచే గాలి మనకు లేదు. ఎండకు మాత్రం కొరత లేదు. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయం నీటి మీదనే పలకలు తేలించి 100 మెగావాట్ల ప్లాంటు పెట్టింది. అది 2022 జూలైలో పూర్తిగా పనిలోకి వచ్చింది. అదే రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బొగ్గు కేంద్రం 2024లో మూతపడింది. మన కళ్ల ముందే ఒకటి ఆగి ఇంకొకటి మొదలైంది. కాని ఇవి పెద్ద సంస్థలవి. వాటిలో మనకు వాటా లేదు.

వాటా ఇచ్చే దారి 2019లో తెరుచుకుంది. కేంద్రం ప్రకటించిన కుసుమ్ పథకం మొదటి భాగం కింద రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టి, దగ్గరి సబ్‌స్టేషనుకు కరెంటు అమ్ముకోవచ్చు. తెలంగాణలో యూనిట్‌కు 3 రూపాయల 13 పైసల ధర నిర్ణయించారు. ఒప్పందం 25 ఏళ్లు. 2024లో మహిళా సంఘాల చేత 1000 మెగావాట్లు పెట్టించాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. ఇందులో ప్లాంటు కట్టేవారికి పెట్టుబడి మీద సబ్సిడీ లేదు. ఈ మాట చాలామంది చెప్పరు.

ఇక లెక్క చూద్దాం. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. ఖర్చు 4 కోట్లనుకుందాం. మన ఎండకు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. 3 రూపాయల 13 పైసల చొప్పున రాబడి దాదాపు 47 లక్షలు. నాలుగు కోట్లలో 1 కోటి 20 లక్షలు వాటా ధనం, మిగతా 2 కోట్ల 80 లక్షలు బ్యాంకు అప్పు అనుకుంటే, 10 శాతం వడ్డీకి 15 ఏళ్లలో తీర్చడానికి ఏడాదికి సుమారు 37 లక్షలు కట్టాలి. కావలి, పలకలు కడగడం, బీమా, మరమ్మతులు, భూమి కౌలు అన్నీ కలిపి 6 లక్షలు పెట్టండి. మిగిలేది 4 లక్షల చిల్లర. 1200 మంది తలా 10,000 రూపాయలు పెట్టి ఉంటే ఒక్కొక్కరికి ఏడాదికి 340 రూపాయలు. బ్యాంకులో వేసుకుంటే ఇంతకంటె ఎక్కువే వస్తుంది.

ఈ లెక్క చూసి పుస్తకం మూసేయవద్దు. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద అప్పు దొరికితే 2 కోట్ల వరకు ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ తగ్గుతుంది. మొదటి ఏడాది అదే 6 లక్షలు. అప్పుడు ఒక్కొక్కరికి 340 కాదు, 840 దాకా పోతుంది. పదహారో ఏటి నుంచి అప్పు ఉండదు. పలకల దిగుబడి ఏటా అర శాతం చొప్పున తగ్గినా, ఖర్చులు పెరిగినా, మిగతా పదేళ్లు ఏడాదికి 35 లక్షల దాకా మిగలవచ్చు. అంటే పదివేల వాటాకు దాదాపు 2,900. ఈ లోగా ఇన్వర్టర్లు ఒకసారి మార్చవలసి వస్తుంది కాబట్టి దానికి ముందునుంచే కొంత పక్కన పెట్టాలి. పెయ్య దూడను కొని పాల కోసం ఆగినట్టు ఇక్కడ పదిహేనేళ్లు ఆగాలి. మూడేళ్లలో డబ్బు రెట్టింపు అని చెప్పేవాడు కనబడితే అతని లెక్కలో ఏదో ఒక అంకె అబద్ధం.

మా మాట అడిగితే, అమ్మే యూనిట్ కంటె ముందు మనం వాడే యూనిట్ సంగతి చూసుకోవాలి. సంఘంలో బల్క్ కూలరు ఉన్నదనుకోండి. వెయ్యి లీటర్ల పాలు చల్లబరచడానికి సుమారు 15 నుంచి 20 యూనిట్లు పడతాయి. రోజుకు 2000 లీటర్లు వచ్చే కేంద్రానికి 40 యూనిట్లు చాలు. కప్పు మీద 10 కిలోవాట్ల పలకలు వేస్తే సగటున రోజుకు 40 యూనిట్లు వస్తాయి. ఖర్చు 5 నుంచి 6 లక్షలు. యూనిట్‌కు 7 రూపాయలు బిల్లు కడుతున్నారనుకుంటే ఏడాదికి లక్ష రూపాయలు ఆదా అవుతుంది. అయిదారేళ్లలో ఖర్చు తీరిపోతుంది. అమ్మితే 3 రూపాయలు వచ్చే యూనిట్, వాడుకుంటే 7 రూపాయలు మిగులుస్తున్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పాలు వచ్చేది పొద్దున, సాయంత్రం. ఎండ కాసేది మధ్యాహ్నం. కాబట్టి మధ్యాహ్నం మిగిలిన కరెంటు తీగలోకి పోయి, మనం వాడినప్పుడు లెక్కలో తిరిగి వచ్చేలా నెట్ మీటరు తప్పనిసరి. లేదా పగలు మంచు చేసి పెట్టుకొని, సాయంత్రం పాలను దానితో చల్లార్చే ఏర్పాటు ఉన్న కూలరు కావాలి. కరెంటు పోతే నెట్ మీటరు సోలారు కూడా ఆగిపోతుందని సెక్రెటరీలు గుర్తుంచుకోవాలి. డీజిలు జనరేటరును వెంటనే అమ్మేయకండి. ఇంకొక విచిత్రం, వేసవిలో మన బర్రెలు పాలు తగ్గించిన నెలల్లోనే సోలారు ఎక్కువ ఇస్తుంది. అయితే రామగుండం మే నెల ఎండకు పలకలు బాగా వేడెక్కి దిగుబడి కొంత పడిపోతుంది. ఎండ కావాలి గాని వేడి పనికిరాదు.

కొన్ని సంఘాలు కలిసి ఒకేచోట ప్లాంటు పెట్టుకొని తామే వాడుకొనే వీలు కూడా చట్టంలో ఉన్నది. 2005 విద్యుత్ నియమాల ప్రకారం సొంత వాడకానికి పెట్టే ప్లాంటులో వాడకందార్లకు కనీసం 26 శాతం యాజమాన్యం ఉండాలి, ఏడాదిలో తయారైన కరెంటులో 51 శాతం వారే వాడాలి. ప్లాంటు సహకార సంఘానిదైతే ఈ రెండు షరతులూ సభ్యులందరినీ కలిపి లెక్కిస్తారు. సహకార సంఘాలకు ఇచ్చిన ఈ సౌకర్యం చాలా విలువైనది. కాని మన దగ్గర దాన్ని తలుచుకునేవారు తక్కువ. ఇతరుల తీగల మీదుగా కరెంటు తెచ్చుకోవడానికి చార్జీలు పడతాయి కాబట్టి పంపిణీ సంస్థను ముందుగా అడిగి తెలుసుకోవాలి.

గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు మొదలుపెట్టిన సంఘం మరో దారి చూపింది. ఎవరి బావి దగ్గర వారి సోలారు పంపు. పారకం అయ్యాక మిగిలిన కరెంటునంతా కలిపి ఒకే మీటరు ద్వారా అమ్ముతారు. డబ్బు ఎవరి యూనిట్లను బట్టి వారికి. ఎవరి పాలు వారు కొలిచి పోసి, ఒకే ట్యాంకరులో పంపినట్టే కదా. 2018లో ఆనంద్ జిల్లా ముజ్‌కువాలో జాతీయ పాడి అభివృద్ధి మండలి సాయంతో రైతులు ఇదే పని చేశారు.

వాటా తీసుకోవడానికి సంతకం చేసేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. భూమి ఎవరి పేర ఉన్నది, కౌలు కాగితం 25 ఏళ్లకు రాసి ఉన్నదా? పంపిణీ సంస్థతో ఒప్పందం కుదిరిందా, కుదరబోతున్నదా? ఈ రెంటికీ ఎంతో తేడా. పంపిణీ సంస్థ డబ్బు ఆలస్యంగా ఇస్తే బ్యాంకు కిస్తీ దేనిలోంచి కడతారు? పదిహేను రోజుల పాల బిల్లు నెల దాటితే ఇల్లు ఎట్లా తల్లడిల్లుతుందో మనకు తెలుసు, ప్లాంటుకూ అంతే. సభ్యుడు బయటికి పోదలచుకుంటే వాటా ధనం ఎవరు, ఎప్పుడు తిరిగి ఇస్తారు? సహకార వాటా కంపెనీ షేరు వంటిది కాదు, బజారులో అమ్ముడుపోదు. ఒక మనిషికి ఒకే ఓటా, లేక డబ్బును బట్టి ఓట్లా? డబ్బును బట్టి ఓట్లయితే అది సహకార సంఘం కాదు, పేరు ఏదైనా సరే.

సంఘం సంఘంగా వాటా తీసుకోవాలంటే మరింత జాగ్రత్త అవసరం. 1964 చట్టం కింద రిజిస్టరైన సంఘం తన నిధులను పాలకవర్గానికి తోచిన చోట పెట్టడానికి వీల్లేదు. బైలాలు చూసుకోవాలి, సర్వసభ్య సమావేశం తీర్మానం కావాలి, సహకార శాఖ అధికారిని అడగాలి. ముల్కనూరు మహిళా డెయిరీ లాగా 1995 పరస్పర సహాయ చట్టం కింద ఉన్న సంఘాలకు స్వేచ్ఛ ఎక్కువ, కాని తప్పు జరిగితే అడిగేది కూడా సభ్యులే.

వచ్చే సమావేశానికి సెక్రెటరీలు పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జనరేటరుకు పోసిన డీజిలు రసీదులు, పాల కేంద్రం కప్పు కొలతలు తీసుకొని రావాలి. ఆ మూడూ బల్ల మీద పెట్టి కూడితే, పై లెక్కల్లో మీ సంఘానికి ఏది సరిపోతుందో అక్కడే తేలుతుంది.