నీటిపాలు కాని ఇల్లు

ఇంగ్లండులోని కెంటు మండలమున, చిడింగ్‌స్టోన్ గ్రామ ప్రాంతమున 'బేలీఫ్' అను కొయ్యయిల్లు ఒకటి యుండెడిది. అందలి ప్రాచీన భాగము 15వ శతాబ్ది ఆరంభము నాటిది.

ఇంటి నడుమ కప్పువరకు తెరపియైన చావడి కలదు. పొయ్యి నేలమధ్యనే, పొగగొట్టము లేదు. పొగ కప్పు సందులగుండ వెలికి పోయెడిది. కిటికీలకు అద్దములు లేవు. కొయ్యకమ్ములును తలుపులును మాత్రమే. బరువంతయు మోయునవి ఓక్ స్తంభములు, దూలములు. వాని నడుమ తడికెలల్లి మట్టి మెత్తిరి.

ఆ లోయలో బౌ బీచ్ జలాశయము కట్టదలచినప్పుడు ఈ యింటికి ముంపు తప్పదయ్యెను. 1968లో దీనిని సస్సెక్సులోని వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియమున కొసగిరి. ఇల్లు కదలుట యెట్లని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. మధ్యయుగపు వడ్రంగి కొయ్యలను ముందు తన పనిచోటనే కూర్చి చూచి, ఒక్కొక్క అతుకునకు గుర్తు చెక్కి, విడదీసి, ఇంటి స్థలమునకు తెచ్చి నిలిపెడివాడు. దూలపు కొనను నాలుకవలె చెక్కి, బెజ్జమున చొప్పించి, కొయ్యచీలతో బిగించుటే అతుకు. కావున ఆధునికులు చీలలను ఊడదీసి, ఇంటిని విప్పి, సింగిల్‌టన్ గ్రామమున మరల నిలుపగలిగిరి.

నేడు జలాశయము నిండియున్నది, ఇల్లును నిలిచియున్నది. విప్పుటకు వీలుగా కట్టిన ఆ అజ్ఞాత శిల్పి నేర్పే, అయిదు శతాబ్దుల పిమ్మట అతని పనిని కాపాడినది.