హార్డ్ డిస్కును పడుకోబెట్టాలా? నిలబెట్టాలా?

తంజోంగ్ పగార్‌లోని మా ఫ్లాటులో పాత డెస్క్‌టాప్ ఒకటుంది. 2004లో ఊరెళ్ళినప్పుడు తీసిన అమ్మమ్మ వీడియోలు అందులోనే ఉన్నాయి. ఓసారి మూత తీసి చూద్దును కదా, రెండు హార్డ్ డిస్కులు ఒకదాని మీద ఒకటి దాదాపు ఆనుకుని ఉన్నాయి. చెయ్యి పెడితే చురుక్కుమంది!

డిస్కును పడుకోబెట్టినా, పక్కకు నిలబెట్టినా ఫరవాలేదు. లోపలి పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. చదివే హెడ్డు వాటిని తాకకుండా పలుచని గాలి పొర మీద తేలుతుంది. కాబట్టి డిస్కు అదరకుండా స్క్రూలతో గట్టిగా బిగించడం, తిరుగుతుండగా కదపకపోవడం ముఖ్యం.

మరి వేడి? 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించారు. మామూలు వేడికీ, చెడిపోవడానికీ అనుకున్నంత సంబంధం కనబడలేదు. కానీ 45 డిగ్రీలు దాటిన చోట మూడేళ్ళ వయసున్నవి ఎక్కువగా పోయాయి. సింగపూర్‌లో మధ్యాహ్నం బయటి గాలే 31, 32 డిగ్రీలు! అందుకే రెండు డిస్కుల మధ్య ఒక అర ఖాళీ వదిలి, ముందువైపు ఫ్యాను పెట్టాను.

ఎంత చల్లగా ఉంచినా డిస్కు ఏదో ఒకనాడు పోయేదే. అమ్మమ్మ గొంతును మాత్రం రెండోచోట కూడా దాచాను. మీరూ దాచుకోండి.