పదును లోపలా, వెలుపలా?

జగ్గయ్యపేట, నందిగామ పొలాల్లో వరి కోసే ఆమె ఎడమచేత్తో మొదళ్లు గుప్పెట పట్టి, కుడిచేతి కొడవలిని తనవైపు లాగుతుంది. పదును వంపుకు లోపలివైపు. గడ్డి పక్కకు జారకుండా వంపులో చిక్కుకుంటే, కక్కు దాన్ని పట్టి కోసేస్తుంది. యుద్ధంలో వాడిన వంకర కత్తులన్నీ కొడవలి పిల్లలేనని చాలామంది అనుకుంటారు. పదును ఎటుందో చూస్తే ఆ మాట నిలవదు.

ఈజిప్టువారి ఖోపెష్ కత్తులు రెండు ఫారో టుటన్‌ఖామున్ సమాధిలో దొరికాయి. చూడటానికి కొడవలే, పదును మాత్రం వంపు వెలుపల! దాని పూర్వీకురాలు యుద్ధ గొడ్డలి అంటారు పరిశోధకులు. నిజంగా కొడవలి వంశానిది నేటి రుమేనియా ప్రాంతపు డేసియన్ల ఫాల్క్స్ కత్తి; దాని పదును లోపలే. క్రీ.శ. 101–106 మధ్య ట్రాజన్ చక్రవర్తి యుద్ధాల్లో దాని దెబ్బకు తాళలేక రోమన్లు శిరస్త్రాణాలపై అడ్డంగా పట్టీలు బిగించుకున్నారు.

మన గోల్కొండ రౌతుల తల్వారుకు పదును వెలుపలే. గుర్రం దౌడులో ఉన్నప్పుడు కత్తి ఎక్కడైనా ఇరుక్కుంటే అది చేజారడమో, మణికట్టు విరగడమో ఖాయం. బయటికి వంగిన అంచు తాకేది కొద్దిచోటే. చేతి బలమంతా అక్కడే పడుతుంది. గుర్రం ముందుకు సాగుతుంటే అంచు జారుతూ కోస్తుంది. టమాటాను కత్తితో అదిమితే నలుగుతుంది, లాగితే తెగుతుంది. తల్వారు ఒంపులో ఉన్నదీ ఆ కిటుకే.

అయితే పల్చటి అంచు విరగకుండా, మొద్దుబారకుండా ఉండాలంటే ఉక్కు గొప్పదై ఉండాలి. అది మన నేలదే. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో మూసి, రోజంతా కొలిమిలో కాచేవారు. ఉక్కులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా చేరేది. మెల్లగా చల్లారిన ఆ దిమ్మను మరీ ఎర్రగా కాల్చి కొడితే పొడిపొడి అవుతుంది. తక్కువ వేడిలో ఓపిగ్గా సాగగొట్టాలి. అప్పుడే గట్టి కార్బైడ్ కణాలు వరసలు తీరి, అలల చారలై కనబడతాయి. ఈ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇక్కడికే వచ్చేవారని 19వ శతాబ్దంలో ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సే రాశాడు. ఇలాంటి ఉక్కుతోనే చేసిన 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని 2006లో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

డమాస్కస్ పేరు ప్రపంచమంతా మోగింది. కోనసముద్రం పేరు మన బడి పుస్తకాల్లోనైనా ఒక పాఠంగా ఉండాలి. 2010లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో పరిశోధకులు కొలిమి చిట్టెం కుప్పలను, పగిలిన మూసలను వెతికి నమోదు చేశారు. రోడ్ల కింద, చెరువు గట్ల కింద పూడిపోకముందే మిగిలినవాటినీ చూడాలి.