ఫిస్క్ ఎవరిది? – ఒక పూర్వవిద్యార్థి సమాజం ఏర్పడిన తీరు

పూర్వవిద్యార్థుల సంఘం అనగానే మనకు తోచేది ఏటా ఒక ఆదివారం జరిగే భోజనాలు, పాత మాస్టార్లకు కప్పే శాలువాలు, ఒక గ్రూపు ఫోటో, తరగతి గదిలో తిరిగే ఫ్యాను రెక్క మీద దాత పేరు. వీటిని నేను చిన్నచూపు చూడడం లేదు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఆ ఫ్యాను కింద నిలబడి పాఠం చెప్పేవాడికి దాని విలువ తెలుసు. కాని ఒకచోట చదువుకున్నవారు ఒక సమాజంగా ఏర్పడడానికి ఇవి చాలుతాయా? చాలకపోతే మరేం కావాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికేవారికి అమెరికా నల్లజాతి విద్యాచరిత్రలో ఒక అధ్యాయం బాగా ఉపకరిస్తుంది. అది టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ నగరంలో ఉన్న ఫిస్క్ విశ్వవిద్యాలయం అధ్యాయం. నల్లజాతి సాహిత్యం చదివే మన విద్యార్థులకు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ పేరు, నిక్కీ జొవానీ పేరు తెలుసు. వారిద్దరూ ఆ క్రైస్తవ విద్యాలయంలో చదువుకున్నవారేనన్న సంగతీ కొందరికి తెలుసు. ఇద్దరూ ఆ విద్యాలయంతో తగవుపడి, ఆ తగవు ద్వారానే దానికి దగ్గరయ్యారన్న సంగతి మాత్రం మన వ్యాసాల్లో అంతగా ప్రస్తావనకు రాదు. నా దృష్టిలో అసలు విషయం అదే.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. మరుసటి ఏడు జనవరిలో, సైన్యం వాడి వదిలేసిన ఆసుపత్రి షెడ్లలో, ఫిస్క్ బడి మొదలయింది. దాన్ని పెట్టినది అమెరికన్ మిషనరీ అసోసియేషన్. బానిసత్వాన్ని వ్యతిరేకించిన ప్రొటెస్టెంట్ క్రైస్తవులు 1846లో ఏర్పాటు చేసుకున్న సంస్థ అది. షెడ్లు ఇప్పించిన జనరల్ క్లింటన్ ఫిస్క్ పేరే బడికి పెట్టారు. యుద్ధానికి ముందు దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో బానిసకు అక్షరం నేర్పడం నేరం. అలాంటి నేలమీద తెరిచిన బడి కనుక పిల్లలూ ముసలివాళ్ళూ ఒకే బల్లమీద కూర్చుని అక్షరాలు దిద్దారు. 1867లో అది చట్టరీత్యా విశ్వవిద్యాలయమయింది. ఆశయం పెద్దది. పెట్టెలో మాత్రం డబ్బు లేదు.

1871 నాటికి బడి మూతపడే స్థితి వచ్చింది. అప్పుడు కోశాధికారీ సంగీతోపాధ్యాయుడూ అయిన జార్జి వైట్ తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని ఉత్తరాది నగరాలకు కచేరీలకు బయలుదేరాడు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. మొదట వారు తెల్లవారి సభల్లో చెల్లే పాటలే పాడారు. తమ తల్లిదండ్రులు పొలాల్లోనూ రహస్య ప్రార్థనల్లోనూ పాడుకున్న పాటలు పరాయివారి ముందు పాడడానికి వారికి మనసొప్పలేదు. ఆ పాటలు తమ పెద్దలకు పవిత్రమైనవని బృందంలో ముఖ్యురాలైన ఎల్లా షెపర్డ్ తర్వాత రాసింది. చివరకు ఆ పాటలే శ్రోతలను కదిలించాయి. 1873లో వారు ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు కూడా పాడారు. ఆ పాటలు తెచ్చిన డబ్బుతో లేచిన జూబిలీ హాలు 1876లో ప్రారంభమయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సాధారణంగా దాత కట్టించిన భవనంలో విద్యార్థి చదువుకుంటాడు. ఫిస్క్‌లో విద్యార్థులే పాడి భవనం కట్టారు. వారి మూలధనం వారి పూర్వుల దుఃఖం. ఆ భవనం గోడల మీద ఎవరి పేరు చెక్కినా, దాని మీద నైతికమైన హక్కు ఎవరిదో అందరికీ తెలుసు. తర్వాతి తరాల పూర్వవిద్యార్థులు ఫిస్క్‌ను ‘మాది’ అన్నప్పుడు ఆ మాట ఊరికే వచ్చినది కాదు. దాని వెనక ఈ శ్రమ ఉంది.

డుబోయిస్ 1885లో ఫిస్క్‌లో చేరాడు. ఉత్తరాదిన మసాచుసెట్స్ రాష్ట్రంలో తెల్లవారు ఎక్కువగా ఉన్న చిన్న ఊళ్ళో పెరిగిన కుర్రవాడు తనవాళ్ళ మధ్య పెద్దసంఖ్యలో ఉండడం అదే మొదటిసారి. మూడేళ్ళలో పట్టం పుచ్చుకున్నాడు. ఆ మూడేళ్ళలోనే విద్యార్థి పత్రిక ‘ఫిస్క్ హెరాల్డ్’కు సంపాదకత్వం వహించాడు. సెలవుల్లో టెనెసీ పల్లెల్లో బడిపంతులుగా పనిచేశాడు. 1903లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’లో చివరి అధ్యాయం ఆ బానిసల పాటల గురించే. హార్వర్డులో చదివినా, బెర్లిన్‌లో చదివినా ఆయన తన మనసుకు పుట్టిల్లుగా చెప్పుకున్నది ఫిస్క్‌నే.

పుట్టింటి మీద ప్రేమ ఉన్నవాడే అక్కడ జరుగుతున్నది చూసి మాట్లాడతాడు. 1908లో ఫిస్క్ స్నాతకోత్సవ సందర్భంలో డుబోయిస్ తొలిసారి గట్టిగా విమర్శించాడు. నల్లవారికి సాహిత్యం, శాస్త్రం, తత్వం ఎందుకు, చేతిపనులు నేర్పితే చాలునన్న వాదం అప్పుడు దాతల్లో బలంగా ఉంది. ఆ దాతల డబ్బు కోసం ఫిస్క్ తన చదువుల స్వభావాన్నే మార్చుకుంటున్నదని ఆయన అభ్యంతరం.

ఆ తర్వాత 1915లో ఫేయెట్ మెకెంజీ అధ్యక్షుడుగా వచ్చాడు. ఆయన అసమర్థుడు కాడు. చదువుల ప్రమాణం పెంచాడు. రాక్‌ఫెల్లర్, కార్నెగీ వంటి కోటీశ్వరుల నిధుల నుంచి పది లక్షల డాలర్ల శాశ్వతనిధి కూడగట్టాడు. నల్లజాతి కళాశాలల్లో అంత నిధి సమకూరడం అదే ప్రథమం. కాని ఆ నిధికి చెల్లించిన వెల ఏమిటి? దాతలకూ నాష్‌విల్ తెల్ల పెద్దలకూ తన విద్యార్థులు అణకువ గలవారని చూపించడం అవసరమయింది. విద్యార్థి సంఘం లేకుండా పోయింది. ‘హెరాల్డ్’ ఆగిపోయింది. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. శాఖకు అనుమతి దొరకలేదు. ఆడపిల్లలు ఏ బట్ట కట్టాలో, ఎవరితో మాట్లాడాలో, దీపం ఎప్పుడు ఆర్పాలో అన్నిటికీ నియమాలు వచ్చాయి. క్రైస్తవ క్రమశిక్షణ పేరుతో వచ్చిన ఈ నియమాల అసలు ప్రయోజనం నిధికి పూచీ ఇవ్వడం. సంస్కరణ, భక్తి, పెట్టుబడి ఒకే బండికి కట్టినప్పుడు పగ్గం ఎవరి చేతిలో ఉంటుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

1924 జూన్‌లో డుబోయిస్ కూతురు యోలాండ్ ఫిస్క్‌లో పట్టం పుచ్చుకుంది. ఆ సందర్భంలోనే ఆయన పూర్వవిద్యార్థుల నుద్దేశించి ప్రసంగించాడు. ఆ ప్రసంగానికి పెట్టిన లాటిన్ పేరుకు అర్థం దీర్ఘమౌనం. రోమన్ వక్త సిసిరో తన చిరకాల మౌనాన్ని విడిచిన ప్రసంగం నుంచి తీసుకున్న మాట అది. డుబోయిస్ ఆ రోజు విడిచినది తనొక్కడి మౌనం కాదు, డిగ్రీలు పుచ్చుకుని ఊరూరా వైద్యులుగా, ఉపాధ్యాయులుగా, పాస్టర్లుగా స్థిరపడిన పూర్వవిద్యార్థులందరి మౌనం. ఆ ఏడే ఆయన చేసిన ఆరోపణల్లో ఒకటి మరిచిపోలేనిది. ఫిస్క్ ఆడపిల్లలను నగరంలోని తెల్ల పెద్దమనుషుల వినోదం కోసం, నౌకర్లు వచ్చే దారిన లోపలికి తీసుకుపోయి పాడించారన్నది ఆ ఆరోపణ. జూబిలీ హాలు కట్టిన పాటలకు అది ఎంత అవమానమో వేరే చెప్పనక్కరలేదు.

ప్రసంగంతో ఆయన ఆగలేదు. ఆగిపోయిన ‘ఫిస్క్ హెరాల్డ్’ను న్యూయార్కు నుంచి పూర్వవిద్యార్థుల పత్రికగా తిరిగి తెచ్చాడు. రచయితలమైన మనం ఈ చర్య మీద దృష్టి పెట్టాలి. వేల మైళ్ళ మేర చెదిరి ఉన్నవారిని ఏ సభా ఒకచోటికి చేర్చలేదు. వారి ఫిర్యాదులు అంతవరకు ఎవరి ఇంట్లో వారు చెప్పుకునే గుసగుసలు. అచ్చులోకి వచ్చిన తర్వాత ఒకరి కూతురికి జరిగినది మరొకరి కొడుక్కి జరిగినదానితో కలిసి, ఒక సమస్యగా కనిపించింది. జాబితాలో ఉన్న పేర్లకూ ఒక సమాజానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ పత్రిక దాటించింది.

1925 ఫిబ్రవరి మొదటివారంలో ఒక రాత్రి విద్యార్థులు దీపాలార్పే నియమాన్ని ధిక్కరించి, డుబోయిస్ పేరు నినాదంగా ఆవరణలో ఊరేగారు. మెకెంజీ నాష్‌విల్ పోలీసులను పిలిచాడు. దక్షిణాదిలో తెల్ల పోలీసులను నల్ల విద్యార్థుల వసతిగృహానికి పిలవడమంటే ఏమిటో ఊహించడం కష్టం కాదు. కొందరిని అరెస్టు చేశారు. దానితో విద్యార్థులు సమ్మెకట్టారు. నగరంలోని తెల్ల వ్యాపారవర్గం అధ్యక్షుడి పక్షాన నిలిచింది. నల్ల పౌరులు చర్చిలో పెద్దసభ జరిపి విద్యార్థుల పక్షాన నిలిచారు. చర్చి రెండువైపులా ఉంది: క్రమశిక్షణకు పేరు అరువిచ్చినదీ అదే, ధిక్కారానికి నీడనిచ్చినదీ అదే. పది వారాలు సాగిన ఆ సమ్మె తర్వాత ఏప్రిల్‌లో మెకెంజీ రాజీనామా ఇచ్చాడు. కొత్త అధ్యక్షుడు థామస్ జోన్స్ కాలంలో నియమాలు సడలాయి, విద్యార్థి సంఘం వచ్చింది.

పూర్వవిద్యార్థులందరూ ఏకమై ఈ పని చేశారనుకుంటే పొరపాటు. అంత కష్టపడి తెచ్చిన నిధి చేజారుతుందేమోనని భయపడినవారు ఉన్నారు. ఇంటి గుట్టు వీధిన పెట్టడమేమిటని నొచ్చుకున్నవారూ ఉన్నారు. ఈ భయం తీసివేయదగినది కాదు. నిధి పోతే నష్టపడేది రేపు చేరవలసిన పేద పిల్లలే. అయినా గెలిచిన వాదం ఏమిటంటే, ఆత్మగౌరవం లేని పట్టభద్రులను తయారుచేసే కళాశాలకు ఎంత నిధి ఉన్నా అది ఎవరి పేరున నడుస్తున్నదో వారికి ఉపయోగపడదు. ఈ వాదోపవాదమే వారిని దగ్గర చేసింది. ఒకరి మాట ఒకరు వినడం, కాదనడం, మళ్ళీ రాయడం – సమాజం ఏర్పడడమంటే ఇదే.

దీనికి ఒక పరిమితి కూడా ఉంది. దాన్ని దాచి ఫిస్క్‌ను కీర్తించడం విమర్శ అనిపించుకోదు. కళాశాల మెట్లెక్కినవారు నల్లజాతిలో చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందే జాతిని ముందుకు నడుపుతారని డుబోయిస్ 1903లో సిద్ధాంతీకరించాడు. ప్రతిభావంతులైన పదోవంతు అన్న ఆ సిద్ధాంతం ప్రసిద్ధమే. 1948లో విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ ఆయన తన సిద్ధాంతాన్ని తానే సరిదిద్దుకున్నాడు. విల్బర్‌ఫోర్స్ కూడా క్రైస్తవ విద్యాలయమే. అయితే అది నల్లవారి సొంత చర్చి నడిపినది. చదువుకున్నవారు తమంతట తామే త్యాగబుద్ధి గలవారవుతారని తాను నమ్మాననీ, వారు తమ సుఖం చూసుకునే చిన్న వర్గంగా మిగిలిపోయే ప్రమాదం ఉందని అనుభవం మీద తెలిసిందనీ ఆ ప్రసంగ సారాంశం. ఎనభై ఏళ్ళ వయసులో, సంపన్నులైన పట్టభద్రుల సభలో నిలబడి ఈ మాట చెప్పగలగడం గొప్ప. పూర్వవిద్యార్థి సమాజం తన గేటు దగ్గరే ఆగిపోతే అది క్లబ్బు అవుతుందన్న హెచ్చరిక అందులో ఉంది.

ఫిస్క్‌కు మొదటి నల్లజాతి అధ్యక్షుడు, సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ జాన్సన్, 1946లో గాని ఎంపిక కాలేదు. ఆ తర్వాత కూడా పాత నియమాలు పూర్తిగా పోలేదు. 1960లో నాష్‌విల్ భోజనశాలల్లో వర్ణవివక్షను ఎదిరిస్తూ ఫిస్క్ విద్యార్థులు బల్లల ముందు కూర్చున్నారు. ఆ ఏడే చేరిన నిక్కీ జొవానీ, సెలవులకు అనుమతి లేకుండా ఇంటికి వెళ్ళినందుకు బహిష్కృతురాలయింది. వీధిలో పౌరహక్కులు, వసతిగృహంలో పాత పెత్తనం! ఆమె కొన్నేళ్ళకు తిరిగి వచ్చి, విద్యార్థి ఉద్యమ శాఖను పునరుద్ధరించి, 1967లో పట్టం పుచ్చుకుంది. గెంటిన ఇంటికే తిరిగి వచ్చి, దాన్ని మార్చి, తన పేరు పక్కన ఆ ఇంటి పేరు నిలుపుకుంది.

ఆ కాలంలోనే ఫిస్క్ నల్లజాతి రచయితలకు చర్చావేదిక అయింది. నవలా రచయిత జాన్ ఆలివర్ కిలెన్స్ చొరవతో 1966లో జరిగిన రచయితల మహాసభలో, అక్కడే అధ్యాపకుడైన రాబర్ట్ హేడెన్ తాను ముందు కవిననీ, నల్లకవి అన్న పరిమితిని అంగీకరించననీ అన్నాడు. ఒకప్పుడు కొంతకాలం ఫిస్క్‌లో చదివిన మెల్విన్ టోల్సన్ తాను నల్లకవినేనని ప్రకటించాడు. యువకులు టోల్సన్ వైపు మొగ్గారు. 1967 సభకు వచ్చిన గ్వెండొలిన్ బ్రూక్స్ తన కవితా జీవితమే అక్కడ మలుపు తిరిగిందని చెప్పుకుంది. హేడెన్ పట్ల ఆనాటి యువకులు దురుసుగా ప్రవర్తించారన్నది నా అభిప్రాయం. కాని ఆ చర్చ ఆ ఆవరణలో జరగడం యాదృచ్ఛికం కాదు. 1924 నుంచి అక్కడ మాట్లాడే హక్కు ఒకటి సంపాదించి పెట్టి ఉంది.

మన దేశంలో కులం వేరు, అమెరికాలో వర్ణం వేరు. ఒకదాన్ని ఒకదానిమీద అతికించడం నా ఉద్దేశం కాదు. అయినా మిషన్ బడుల ద్వారా అక్షరం అందుకున్న దళిత కుటుంబాలు కోస్తా జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ చదువుకు కృతజ్ఞత చెబుతూనే, ఆ సంస్థల్లో తమ స్థానం ఏమిటని అడిగే హక్కు వారికీ ఉందని ఫిస్క్ చరిత్ర గుర్తుచేస్తుంది. మన సాహిత్య విద్యార్థులు డుబోయిస్‌ను ఒక సిద్ధాంతకర్తగా చదువుతున్నారు. ఒక కళాశాల పూర్వవిద్యార్థిగా, ఒక చిన్న పత్రిక సంపాదకుడుగా కూడా చదవాలి.

కృతజ్ఞత ఒక్కటే ఉంటే పూర్వవిద్యార్థి దాతగా మిగులుతాడు. ఫిర్యాదు ఒక్కటే ఉంటే దూరమవుతాడు. రెండూ ఒకే గొంతులో పలికి, ఆ గొంతు అచ్చులోకెక్కి, తనతో పాటు బల్లమీద కూర్చున్నవాడికీ, ఇంకా బడి గేటు బయటే ఉన్నవాడికీ వినబడినప్పుడు సమాజం మొదలవుతుంది. ఫ్యాను రెక్కల మీద పేర్లు ఉండనివ్వండి. గదిలో కూర్చున్నవారికి నోరు విప్పే వీలుందో లేదో కూడా ఆ పేర్లవారు ఏటా ఒకసారి వచ్చి చూడాలి.