సర్వరు గడువు – 180 దినములు

జార్జి టౌనులోని గోడౌన్ వీథి బట్టల టోకు వ్యాపారమునకు ప్రసిద్ధి కెక్కినది. సరకు చూచి, నచ్చినచో ఉంచుకొని, లేనిచో ఫలానా తేదీకి త్రిప్పి పంపవలెనను షరతు వర్తక కుటుంబముల వారికి క్రొత్త కాదు. గడువులోపల సరకును పరీక్షించుట కొనువాని హక్కు. గడువు తీరిన పిదప వెల చెల్లించుటయో, సరకు త్రిప్పి యిచ్చుటయో న్యాయము. కంప్యూటర్ల ప్రపంచమునను ఇట్టి ఏర్పాటు కలదు. దానిని గూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొంత వివరింపదలచితిమి.

ఒక కార్యాలయములోని పెక్కు కంప్యూటర్లకు దస్త్రములను అందించుచు, ఎవరు ఏది చూడవచ్చునో నిర్ణయించుచు నుండు యంత్రమునకు సర్వరని పేరు. దానిని నడపు మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్ ఇట్టివానిలో నొకటి. కొనుటకు ముందు పరీక్షించుటకై దాని ప్రతిని ఆ సంస్థ వారు 180 దినముల గడువుతో ఉచితముగా నిచ్చుచున్నారు. స్థాపించిన మొదటి 10 దినములలోపల ఇంటర్నెట్ ద్వారా దానిని ధ్రువపరచవలెను. ఆ పని జరుగనిచో యంత్రము తనంతట తానే ఆగిపోవుచుండును.

గడువు తీరినపుడేమగును? తెర నల్లబడి, గడువు ముగిసినదను హెచ్చరిక కనబడును. పిమ్మట గంటకొకసారి యంత్రము ఆగిపోవును. జూన్ 1వ తేదీన స్థాపించినచో నవంబరు 28 నాటికి 180 దినములు నిండును. అనగా అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఎక్కింపవలసిన వేళకు సర్వరు మూగవోవునన్నమాట. విద్యార్థి ఏ మాధ్యమమున చదివెనో, ఏది మొదటి భాషగా తీసికొనెనో తెలుపు దాఖలాలు అందులోనే యున్నచో చిక్కు మరింత పెరుగును. అల్పసంఖ్యాక భాషా విద్యార్థులకు ఆ దాఖలాలెంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున మొదటి దినముననే ముగింపు తేదీని లెక్కకట్టి గోడమీది క్యాలెండరులో వ్రాసికొనవలెను. మిగిలిన కాలమును తెలిసికొనుటకు ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్’ అను ఆజ్ఞను వ్రాసి, ఒక ఏటవాలు గీత నుంచి, ‘డీఎల్‌వీ’ అని చేర్చవలెను. ఇంకెన్ని దినములున్నవో, గడువు నెన్నిమారులు పునరుద్ధరింపవచ్చునో అది చూపును. ‘డీఎల్‌వీ’కి బదులు ‘రీఆర్మ్’ అని వ్రాసి, యంత్రము నొకసారి ఆపి మరల నడిపించినచో గడువు పునరుద్ధరింపబడును. అయితే ఈ అవకాశములు పరిమితములు. పైగా మిగిలిన దినములు క్రొత్త గడువుతో కలియవు. తొందరపడి ముందుగా పునరుద్ధరించిన వారికి ఆ దినములు నష్టమే.

పరీక్షించి తృప్తి చెందినవారు వెల చెల్లించి లైసెన్సు సంఖ్యను పొందవచ్చును. ‘డిస్మ్’ అను ఆజ్ఞతో ఆ సంఖ్యను ఎక్కించినచో పరీక్షా ప్రతియే శాశ్వత ప్రతిగా మారును. చేసికొన్న అమరికలు చెడవు. ఇందు రెండు నియమములు గమనింపదగినవి. ‘స్టాండర్డ్’ పరీక్షా ప్రతిని ‘స్టాండర్డ్’గా గాని ‘డేటాసెంటర్’గా గాని మార్చవచ్చును, ‘డేటాసెంటర్’ పరీక్షా ప్రతిని మాత్రము ‘స్టాండర్డ్’గా మార్చుటకు వీలులేదు. రెండవది: వాడుకరుల పేర్లను, రహస్య పదములను కాపాడు ‘డొమైన్ కంట్రోలర్’గా ఆ సర్వరును నియమించియున్నచో మార్పు సాధ్యము కాదు. ముందు ఆ బాధ్యతను లైసెన్సు గల వేరొక సర్వరునకు అప్పగించి, దీనిని ఆ పదవినుండి తప్పింపవలెను.

ఇంతకును ముఖ్యమైన మాట యొకటి. ఈ ప్రతి పరీక్షించుటకే గాని నిత్యవ్యవహారమునకు కాదని దాని షరతులే చెప్పుచున్నవి. పునరుద్ధరణములతో కాలము గడుపుట చూచుటకు తెచ్చిన సరకును అమ్ముకొనుట వంటిది. కావున అభ్యాసమునకు కల్పిత పేర్లు, కల్పిత మార్కులే వాడవలెను. అసలు దాఖలాలు లైసెన్సు గల యంత్రమున నుండవలెను. వాని నకలు మరియొక చోట భద్రపరుపవలెను.

వెల భరింపజాలని వారికిని మార్గము లేకపోలేదు. డెబియన్ వంటి లినక్సు వ్యవస్థలకు వెలయు లేదు, గడువును లేదు. సి-డాక్ సంస్థ చెన్నై శాఖ వారు 2007లో వెలువరించిన ‘బాస్’ డెబియన్ ఆధారముగా నిర్మింపబడినదే. అందు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో పని చేసికొనవచ్చును. దీనిని నేర్చుటకు ఓపిక కావలెను. కాని నేర్చిన విద్యకు గడువు లేదు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు కార్యాలయములలో సర్వరులను నడపుదురు. ఏ సాఫ్ట్‌వేరైనను స్థాపించుటకు ముందు దాని గడువెంత, గడువు తీరిన నాడు మన దస్త్రముల గతియేమి అని అడిగి తెలిసికొనుడు. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిదపనే అసలు దస్త్రములను అందులో నుంచుడు.